చేతిలోని విద్య, నోటిలోని మాట

తుంగభద్రకు ఉత్తరపు గట్టున ఉన్న రాజోలి నేతపనికి పేరుపొందిన ఊరు. గద్వాల చీర అని లోకం మెచ్చుకొనే చీరలు ఈ ఊరి మగ్గాల మీద తరతరాలుగా తయారవుతున్నవి. 2009వ సంవత్సరం అక్టోబరు మొదటి రోజులలో కృష్ణా తుంగభద్రలు రెండూ హద్దు మీరి పొంగినప్పుడు కర్నూలు పట్టణం మునిగినది, అలంపురం మునిగినది, రాజోలి కూడా మునిగినది. ఇండ్లు కూలినవి. మగ్గపు గుంటలలో ఒండ్రు నిండినది. నూలు, పట్టు, సాగదీసిన పడుగులు నీటిపాలైనవి. ఇంత తీసికొనిపోయిన నది నేతగాని చేతులలోని విద్యను మాత్రం తీసికొనిపోలేకపోయినది. అందువల్లనే ఆ ఊరిలో మగ్గం చప్పుడు మరల వినబడినది.

నీటికి, నిప్పుకు, దొంగకు చిక్కని ధనం విద్య అని పెద్దలు చెప్పుతూ వచ్చినారు. ఆ మాట నిజమే గాని సంపూర్ణం కాదు. దానిని అపహరింపగలవాడు ఒక్కడు ఉన్నాడు. వాడు ఆ విద్య గలవాడే. వరద చేయలేని పనిని ‘నాకు రాదు’ అనే రెండు మాటలు చేయగలవు. పరులు చేసిన చెరుపు కంటికి కనబడుతుంది. దానికి సానుభూతి దొరుకుతుంది. సహాయం కూడా దొరుకవచ్చును. తన చేతితో తాను చేసికొన్న చెరుపు కనబడదు. అది వినయం వేషంలోనో, తీరికలేమి వేషంలోనో, దురదృష్టం వేషంలోనో తిరుగుతుంది. పాఠశాలలలో నిత్యమూ జరిగే నష్టాలలో ఇది పెద్దది, లెక్కకు రానిది.

దీని రూపాలు ఉపాధ్యాయులకు పరిచితమైనవే. ప్రశ్న పూర్తిగా వినకముందే తల అడ్డంగా ఊపే బాలుడు ఒకడు. వ్యాసం చక్కగా వ్రాసి, చదువుమనగానే కాగితం మడిచి దాచుకొనే బాలిక ఒకతె. సంవత్సరమంతా పుస్తకం ముట్టక, పరీక్షకు ముందునాటి రాత్రి మాత్రమే దీపం ముందు కూర్చొనేవాడు ఇంకొకడు. మంచి కంఠం ఉండి, పోటీ నాడే గొంతు బాగులేదనేవాడు మరొకడు. వీరిలో ఏ ఒక్కరూ శక్తిహీనులు కారు. సోమరులనుట కూడా తొందరపాటే. వీరికి ఉన్నది భయం. ఆ భయం ఓటమిని గురించినది కూడా కాదు. పూర్తిగా ప్రయత్నించి ఓడిపోతే తన కొలత ఇంతే అని తేలిపోవునేమో అన్నదే ఆ భయం.

ఆడలేక మద్దెల ఓడన్నదట అని సామెత. ఆట అయిన తరువాత మద్దెలను నిందించడం పాత తెలివి. దానికంటె సూక్ష్మమైనది ఒకటి ఉన్నది: ఆటకు ముందే మద్దెలను తానే పగులగొట్టుకొనడం. మద్దెల పగిలిన తరువాత ఆట చెడితే తప్పు మద్దెలది. ఆట రక్తి కడితే, పగిలిన మద్దెలతోనే ఇంత ఆడెనని ఘనత తనది. ఎటు చూచినా మానం దక్కుతుంది. పోయేది ఒక్క ఆటయే. రాత్రికి రాత్రి చదివి పరీక్షకు పోయేవాడు చేసే పని ఇదే. తప్పితే ‘చదువలేదు గదా’ అనవచ్చును. గట్టెక్కితే ‘చదువకనే గట్టెక్కినాను’ అనవచ్చును. అయితే, నిజంగా చదివి ఉంటే తాను ఏమి కాగలిగేవాడో అతనికి జన్మలో తెలియదు.

ఇది కేవలం ఊహ కాదు. 1978లో స్టీవెన్ బెర్గ్లాస్, ఎడ్వర్డ్ జోన్స్ అనే అమెరికా మనస్తత్వవేత్తలు ఒక పరిశోధన ప్రచురించినారు. కళాశాల విద్యార్థులకు కొన్ని సమస్యలు ఇచ్చినారు. కొందరికి ఇచ్చినవి సాధ్యమైన సమస్యలు. కొందరికి ఇచ్చినవి ఎవరికీ సాధ్యం కానివి. కాని అందరితోను బాగా చేసినారనే చెప్పినారు. తరువాత రెండవ పరీక్షకు ముందు రెండు మందులు చూపి, ఒకటి బుద్ధిని చురుకు చేస్తుంది, రెండవది మందగింపజేస్తుంది, ఏది కావలెనో కోరుకొమ్మన్నారు. తమ మొదటి గెలుపు ఎట్లు వచ్చినదో తమకే తెలియని యువకులలో ఎక్కువమంది బుద్ధిని మందగింపజేసే మందునే కోరుకొన్నారు. ఎట్లు వచ్చినదో తెలియని గెలుపును నిలుపుకొనలేమనే సందేహం వారిని పీడించినది. రేపటి ఓటమికి నేడే ఒక కారణం సిద్ధం చేసికొన్నారు. కారణం లేని మెప్పు కూడా మనిషిని పిరికివానిగా చేయగలదని ఈ పరిశోధన తెలుపుతున్నది.

వ్యక్తులకు పట్టే ఈ జాడ్యం ఒక్కొక్కప్పుడు ఒక ప్రాంతానికంతకూ పట్టుతుంది. తమకు ఏమీ లేదని పరులు అనడం, ఆ మాటను తాము నమ్మడం, నమ్మినందువల్ల ఉన్నదానిని పెట్టెలో పెట్టి మూయడం, మూసినందువల్ల ఆ మాట నిజమని లోకానికి తోచడం: ఈ చక్రం తిరుగుతూనే ఉంటుంది. ఈ చక్రాన్ని ఆపిన మహనీయుడు రాజోలికి పరాయివాడు కాడు. సురవరం ప్రతాపరెడ్డిగారు 1896లో ఈ గద్వాల, అలంపురం సీమలోని బోరవెల్లిలో జన్మించినారు. వారి స్వగ్రామం ఇటిక్యాలపాడు.

నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు శూన్యమని ఆ దినాలలో ఒక పండితుడు వ్రాసినాడు. విద్వద్గద్వాల అని పేరుపొందిన సంస్థానం ఉన్న నేల ఇది. వనపర్తి, ఆత్మకూరు సంస్థానాలు కవిపండితులను ఆదరించినవి. తిరుపతి వేంకట కవుల వంటివారు దూరం నుండి వచ్చి ఇక్కడి సభలలో అవధానాలు చేసినారు. అటువంటి నేలకు సంబంధించి ఈ మాట వెలువడినది. దీనికి రెండు విధాల జవాబులు సులభమైనవి. కోపగించి తిట్టవచ్చును, లేదా తలవంచుకొని ఊరకుండవచ్చును. ప్రతాపరెడ్డిగారు రెండూ చేయలేదు. లెక్కపెట్టినారు. ఊరూర ఉన్న కవుల పేర్లు, వివరాలు, పద్యాలు సేకరించినారు. 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ వెలువడినది. అందులో 354 మంది కవులు ఉన్నారు. వారిలో ఎందరి పేర్లో అంతకుముందు వారి ఊరి పొలిమేర దాటి వినబడనివి.

ఈ సంఘటనను ప్రాంతాభిమానపు కథగా మాత్రమే చెప్పుకొంటే దానిలోని సారం సగం జారిపోతుంది. ఆ 354 మందిని ప్రతాపరెడ్డిగారు సృష్టింపలేదు. వారు అంతకుముందే ఉన్నారు, వ్రాస్తూనే ఉన్నారు. లోపించినది కవిత్వం కాదు. ఇదిగో ఉన్నది అని బయట పెట్టే ధైర్యం, దానిని ఒకచోట చేర్చే శ్రద్ధ. ‘నాకు ఏమీ రాదు’ అనే విద్యార్థి విషయంలోనూ సరిగా ఇదే జరుగుతున్నది. అతడు తన శక్తిని పరీక్షించి ఆ నిర్ణయానికి వచ్చినవాడు కాడు. లెక్కపెట్టకుండానే శూన్యం అని వ్రాసికొన్నవాడు. అతనికి ఓదార్పు మాటలు, ఉపదేశాలు అంతగా పనిచేయవు. కావలసినది లెక్క.

ప్రతాపరెడ్డిగారి జీవితమే ఇందుకు మరియొక నిదర్శనం. న్యాయశాస్త్రం చదివినారు; కొంతకాలం ఆ వృత్తి చేసినారు. ఆ దారిలో ఉండిపోయినా ఎవరూ తప్పుపట్టేవారు కారు. కాని తన స్వభావం దేనికి తగినదో గుర్తించి, 1926లో హైదరాబాదు నుండి ‘గోలకొండ పత్రిక’ను స్థాపించినారు. రాజభాష, పాఠశాలల భాష ఉర్దూగా ఉన్న రాజ్యంలో తెలుగు పత్రిక నడుపుటకు అనుకూలమైన కాలం కొరకు ఎదురుచూచి ఉంటే ఆ కాలం ఎన్నటికీ వచ్చేది కాదు. 1930లో జోగిపేటలో జరిగిన మొదటి నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభకు అధ్యక్షత వహించినారు. 1949లో ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ వెలువడినది. తూర్పు చాళుక్యుల కాలం మొదలుకొని 1907 వరకు తెలుగు ప్రజలు ఏమి తిన్నారు, ఏమి కట్టినారు, ఏ ఆటలు ఆడినారు, ఏ పండుగలు చేసినారు అనే విషయాలను కావ్యాల నుండి, శతకాల నుండి, సామెతల నుండి వెదకి తీసి కూర్చిన గ్రంథమది. రాజుల యుద్ధాలకు శాసనాలు ఉన్నవి గాని ప్రజల బ్రతుకునకు ఆధారాలు ఎక్కడివి అని చేయి వెనుకకు తీయలేదు. చేతిలో ఉన్న ఆధారాలతోనే పని ఆరంభించినారు. వారు 1953లో కీర్తిశేషులైనారు. 1955లో తెలుగు గ్రంథానికి మొట్టమొదటి సాహిత్య అకాడమీ బహుమానం ఈ పుస్తకానికే లభించినది. ఆ గౌరవాన్ని వారు కండ్లతో చూడలేదు. కాని పని పూర్తి చేసి ఉంచినందువల్లనే గౌరవం వచ్చుటకు చోటు దొరికినది.

ఇక్కడ ఒక న్యాయమైన ఆక్షేపణ ఉన్నది. పేదరికంలో ఉన్న పిల్లవానితో నీ శత్రువు నీవే అనడం క్రూరం కాదా? తప్పక క్రూరమే. 2011 జనగణన లెక్కలను నేటి జిల్లాల ప్రకారం చూచినప్పుడు జోగులాంబ గద్వాల జిల్లాలో అక్షరాస్యత నూటికి 50కి లోపే ఉన్నది. తెలంగాణ జిల్లాలన్నిటిలో అదే తక్కువ. ఈ సీమలో పత్తి విత్తనపు చేలలో క్రాసింగు పనికి పోయి బడి మానిన పిల్లల కథ కొత్తది కాదు. ఇంటిలో కండెలు చుట్టుతూ, పడుగు సరిచేస్తూ పాఠం పోగొట్టుకొన్నవారూ ఉన్నారు. వీరి నష్టం స్వయంకృతం కాదు. దానికి బాధ్యత వహింపవలసినది పెద్దలు, ప్రభుత్వం, సంఘం. ఆ భారాన్ని పిల్లల మీదికి త్రోసి ఆత్మవిశ్వాసం బోధించడం చేతులు కడుగుకొనడమే అవుతుంది.

అయితే ఈ రెండు నష్టాలకూ మధ్య ఒక రహస్యమైన బాట ఉన్నది. బయటి కష్టం తీరినా అది పలికించిన మాట లోపల మిగిలిపోతుంది. నెల దినాలు బడికి రాలేని పిల్లవాడు తిరిగి వచ్చి వెనుకబడి ఉన్నప్పుడు, ‘నీవు నెల దినాలు రాలేదు’ అనవలసిన చోట ‘నీకు చదువు రాదు’ అని ఎవరైనా అంటే, ఆ పిల్లవాడు దానిని తీర్పుగా స్వీకరిస్తాడు. మొదటి మాట ఒక లోటును చెప్పుతున్నది, లోటు పూడ్చవచ్చును. రెండవ మాట ఒక స్వభావాన్ని అంటగట్టుతున్నది. స్వభావాన్ని ఏమి చేయగలడు? కొంతకాలానికి ఆ మాట చెప్పుటకు ఎవరూ అక్కరలేదు. అతడే చెప్పుకొంటాడు.

ఆ మాట ఎంత అసత్యం కావచ్చునో రాజోలి మగ్గం చెప్పగలదు. గద్వాల చీరకు ఒడలు నూలు. అంచు, కొంగు పట్టు. నూలు వేరు, పట్టు వేరు. వాటి బిగువు వేరు. ఒడలూ అంచూ కలిసే చోట పోగును పోగులో పెనవేస్తూ పోవలెను. ఒక పోగు లెక్క తప్పితే బుటా తప్పుతుంది. అటువంటి ఇంటిలో పెరిగిన పిల్లలకు జతలు, వరుసలు, సమభాగాలు, ఎదురెదురుగా పడే ఆకృతులు మాటలు రాకముందే పరిచయమవుతవి. ఆ బాలుడే నల్లబల్ల ముందు నిలిచి తనకు లెక్కలు రావు అంటాడు. తన తండ్రి మగ్గం మీద చూచేది లెక్క అని అతనికి ఎవరూ చెప్పలేదు.

ఇటువంటి వింత మన ఊళ్ళకే పరిమితం కాదు. బ్రెజిల్ దేశంలోని రెసీఫె నగరంలో వీధులలోను అంగళ్ళలోను కొబ్బరికాయలు, పండ్లు అమ్మే పిల్లలను పరిశోధకులు పరిశీలించి 1985లో ఫలితాలు ప్రకటించినారు. బేరం చేస్తున్నప్పుడు ఆ పిల్లలు నోటితో చెప్పిన లెక్కలలో నూటికి 98 సరిగా వచ్చినవి. అవే విధమైన లెక్కలను అంకెలుగా కాగితం మీద వేసి ఇచ్చినప్పుడు నూటికి 37 మాత్రమే సరిగా వచ్చినవి. పరిశీలింపబడినవారు 5 మందే అయినా ఆ తేడా చిన్నది కాదు. పిల్లలు మారలేదు, బుద్ధి మారలేదు. ఉన్న శక్తికీ అడిగిన తీరుకూ మధ్య వంతెన లేదు. ఆ వంతెన కట్టడమే ఉపాధ్యాయుని విద్య.

మెచ్చుకొనే తీరులో కూడా జాగ్రత్త అవసరం. 1998లో క్లాడియా మ్యూలర్, కెరొల్ డ్వెక్ అనే ఇద్దరు విదుషీమణులు అయిదవ తరగతి పిల్లలపై జరిపిన పరిశోధనలను ప్రకటించినారు. మొదటి లెక్కలు కాగానే కొందరిని ‘నీవు తెలివిగలవాడవు’ అనీ, కొందరిని ‘నీవు బాగా శ్రమించినావు’ అనీ మెచ్చుకొన్నారు. తరువాత ఏ పని కావలెనని అడిగితే, తెలివిని మెచ్చబడినవారిలో ఎక్కువమంది తమ తెలివి నిలిచే సులువైన పనిని కోరినారు. శ్రమను మెచ్చబడినవారిలో అత్యధికులు కొత్త సంగతి నేర్పే కఠినమైన పనిని కోరినారు. మధ్యలో కఠినమైన లెక్కలు ఇచ్చి ఓడించిన తరువాత, మొదటి జట్టు మునుపటికంటె వెనుకబడినది. రెండవ జట్టు ముందుకు పోయినది. అంతేకాక, మొదటి జట్టులో పలువురు తమకు వచ్చిన మార్కులను ఇతరులకు ఎక్కువచేసి చెప్పినారు. పుట్టుకతో వచ్చిన తెలివి అని పొగడితే పిల్లవాడు దానిని పోగొట్టుకొనకుండా కాపలా కాస్తాడు, వాడి చూడడు. ‘ఈ లెక్కకు నీవు మూడు దారులు వెదకినావు’, ‘ఈ వాక్యాన్ని నీవు తిరిగి వ్రాసినందువల్ల తేటపడినది’ అనే మెప్పు వేరు. అది పిల్లవానికి తన గెలుపు ఎట్లు వచ్చినదో చూపుతున్నది. దారి తెలిసిన గెలుపును మరల తెచ్చుకొనవచ్చును.

విద్యార్థులు తమంతట తాము చేయదగినవి కూడా ఉన్నవి. మొదటిది, తన శక్తి ఏదో కనిపెట్టుకొనడం. ఏ పనిలో కాలం గడచినది తెలియదో, ఏ పనిలో తప్పు పడినా కోపం రాక మరల సరిచేయ బుద్ధి పుట్టుతుందో అక్కడ ఆ శక్తి జాడ ఉంటుంది. అన్ని విద్యలూ అందరికీ సమానంగా అబ్బవు. ఆ సత్యాన్ని దాచవలసిన పని లేదు. కాని అబ్బునో అబ్బదో తేలేది పనిచేసిన తరువాత మాత్రమే. రెండవది, తప్పును తప్పుగానే చూడడం. పడుగులో పోగు తెగితే నేతగాడు ఆ పోగును వెదకి అతుకుతాడు. మగ్గాన్ని కోసి పారవేయడు, తాను నేతగాడనే కానని అనుకొనడు. ఒక పరీక్ష తప్పినవాడు తెగిన పోగు ఎక్కడిదో చూచుకొనవలెను. మూడవది, తీరిక, ఉత్సాహం, మంచి రోజు కొరకు కాచుకొనకుండ కొద్దికొద్దిగా నిత్యమూ పనిచేయడం. చీర ఏ రోజుకు ఆ రోజు నేసినంతే పెరుగుతుంది. నాల్గవది, చేసినదానిని చూపించడం. దాచుకొన్న పద్యానికి తప్పులు దిద్దేవారు ఉండరు, మెచ్చుకొనేవారూ ఉండరు.

వినయానికీ దీనికీ తేడా గుర్తింపవలెను. తన పనిలోని లోపాన్ని ఒప్పుకొనడం వినయం. పనిలోనికే దిగకుండ లోపాన్ని ముందుగా ప్రకటించడం తప్పించుకొనడం. గర్విష్ఠి కూడా ఇదే చేస్తాడు. తన స్థాయికి తగిన పని కాదని తప్పించుకొంటాడు. ఒకడు నాకు రాదంటాడు, ఇంకొకడు నాకు చాలదంటాడు. ఇద్దరి మగ్గాలూ ఖాళీగానే ఉంటవి.

ఒకప్పుడు తెలుగు పాఠశాలలలో లిఖిత పత్రికలు ఉండేవి. విద్యార్థులే వ్రాసి, బొమ్మలు వేసి, కుట్టి, గ్రంథాలయపు బల్ల మీద పెట్టేవారు. రాజోలిలోను, గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు సీమలలోను ప్రతి పాఠశాల సంవత్సరానికి ఒకటి చొప్పున అటువంటి సంచికను వెలువరించుట అసాధ్యం కాదు. దానికి కావలసినవి కాగితం, సిరా, ఒక ఉపాధ్యాయుని పట్టుదల. కాని నియమం ఒకటి ఉండవలెను: బాగా వ్రాసేవారి పేర్లు మాత్రమే కాక, తరగతిలోని ప్రతి బాలుని పేరు, ప్రతి బాలిక పేరు అందులో ఉండవలెను, ఆ పేరు ఎదుట వారు చేసి చూపిన పని ఒకటి ఉండవలెను. ఒకరిది కథ కావచ్చును, ఒకరిది లెక్క కావచ్చును, ఒకరిది బుటా గీత కావచ్చును, మరొకరిది ఊరి ముసలివారి నోట విని వ్రాసిన సామెతల పట్టిక కావచ్చును. ఎవరి పేరు ఎదుట ఏమీ వ్రాయలేక చోటు ఖాళీగా మిగులునో ఆ పిల్లల వద్దకే ఉపాధ్యాయుడు ముందుగా పోవలెను. అక్కడ శూన్యం ఉన్నదని వ్రాయుటకు ముందు వెదకవలసిన బాధ్యత అతనిది. వెదకుటకు వచ్చినవానికి తన పెట్టె తెరచి చూపవలసిన బాధ్యత విద్యార్థిది.